జాంగియా అంచుకు నీలం చుక్కలు

డిసెంబర్ 28, ఆదివారం

నెలగంట పెట్టిన దగ్గర్నుంచీ మా వీధిలో అందరికంటే ముందు కళ్లాపి చల్లేది అత్తయ్యే. ఇవాళ స్కూలు లేదు కదా అని నేనూ ఆవిడతో పాటు లేచి, ముగ్గు గిన్నె పట్టుకుని వెనకాల నిలబడ్డాను. మంచు ఎంత దట్టంగా ఉందంటే కాలవ అవతల కొబ్బరితోట ఆనవాలు కూడా లేదు. అత్తయ్య ముందు చుక్కలన్నీ పెట్టేసింది. గీత జోలికి పోలేదు. నడుం పట్టుకుని ఒకసారి నిలబడి, వరసలు సరిగ్గా వచ్చాయో లేదో చూసుకుంది. అప్పుడు వంగి ఒక్క ఊపులో కలిపేసింది.

మూడు రోజులుగా నాకు తెగని చిక్కు అక్కడే విడిపోయింది. నేను రంగులేస్తున్న సిపాయి బొమ్మకి జాంగియా అంచు కూడా ఇలాగే వేయాలి!

నా బల్ల మీద ఉన్నవాడు రెండంగుళాల పైచిలుకు ఎత్తున్న లోహపు సిపాయి. 54 మిల్లీమీటర్ల సైజు అంటారు. ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యం వాడు, 1780 నాటివాడు. ఎర్ర కోటు, నీలం తలపాగా, గుండెల మీద అడ్డంగా తెల్లటి పట్టీలు, కాళ్లకు చెప్పులు. ప్యాంటు ఉండదు. తొడల దాకా తెల్ల జాంగియా, దాని అంచున నీలం రంగులో రంపపు పళ్లలాంటి కోణాలు. మోకాళ్లూ పిక్కలూ అన్నీ బయటికే. సగం దొరలాగా, సగం మన పొలంలో మనిషిలాగా ఉంటాడు. నాకు వాడి మీద ప్రేమ కలిగింది ఆ కింది సగం చూసే.

వీడిది సర్కారు పటాలం. అప్పట్లో మద్రాసు సైన్యంలో సిపాయి పటాలాలను కర్ణాటక పటాలాలని, సర్కారు పటాలాలని పిలిచేవారు. ఆ కర్ణాటకం ఇప్పటి కర్ణాటక రాష్ట్రం కాదు, ఆర్కాటు నవాబు సీమ. శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, ఏలూరు, కొండపల్లి, గుంటూరు కలిపి ఉత్తర సర్కారులు. రాజమహేంద్రవరం సర్కారు అంటే ఈ గోదావరి నేలే. ఉత్తరాదిలో కంపెనీ సిపాయి ఎవడైనా సరే, వాణ్ణి 'తిలంగా' అనేవారు. మొదట్లో అక్కడికి వెళ్లిన సిపాయిలు ఇటువైపు వాళ్లు కావడంతో వచ్చిన పేరది. 1857లో ఢిల్లీ జనం కూడా తిరగబడిన సిపాయిలను తిలంగాలనే అన్నారు. మన పేరు అంత దూరం వెళ్లి ఒక ఉద్యోగానికి పేరైపోయిందని చెబితే మా తొమ్మిదో తరగతి పిల్లలు కళ్లు పెద్దవి చేసుకుని విన్నారు. పిఠాపురం దగ్గర చందుర్తిలో 1758 డిసెంబర్‌లో ఇంగ్లీషువాళ్లకూ ఫ్రెంచివాళ్లకూ యుద్ధం జరిగిందన్నా అంతే. ఇంగ్లీషు సైన్యానికి కర్నల్ ఫోర్డు, అతనికి తోడు విజయనగరం ఆనంద గజపతి రాజు. ఇక్కణ్ణుంచి బస్సెక్కితే పూట పట్టని దూరం. అయినా పాఠంలో ప్లాసీయే ఉంటుంది, చందుర్తి ఉండదు. అది నాకు బాధగానే ఉంటుంది.

ఎనిమిదింటికి కొబ్బరి దింపు తీసే బాబాయ్ వచ్చాడు. నేను అరుగు మీద రంగులు కలుపుతున్నాను. డబ్బా మీద చర్మం రంగు అని రాసి ఉన్నది తీస్తే గులాబీ రంగు వచ్చింది. అది దొరల చర్మం, నా సిపాయికి పనికిరాదు. ముదురు గోధుమ రంగులో కాస్త పసుపు, చిటికెడు ఎరుపు కలిపి చూశాను, ఇటుకలా వచ్చింది. ఒక చుక్క నీలం వేస్తే చల్లబడింది.

బాబాయ్ మొదటి చెట్టు దిగి నీళ్లు తాగుతుంటే చెయ్యి చూపించమన్నాను.

"ఎందుకండీ అమ్మగారూ?"

"ఈ బొమ్మకి నీ రంగు వెయ్యాలి బాబాయ్."

నవ్వి చెయ్యి చాపాడు. దగ్గర నుంచి చూస్తే అది ఒక రంగు కాదు. ముంజేతి పైవైపు ఎండకు మాడిన నలుపు, లోపలివైపు తేనె రంగు. మాను రాసుకుని రాసుకుని మోచేతి దగ్గర బూడిద పట్టినట్టు తెల్లటి పొర. మోకాలి మీద కూడా అదే పొర. మోకాలు నేను ఎప్పుడూ ఒక వెలుగు చుక్కతో తేల్చేసేదాన్ని. ఇవాళ సిపాయి రెండు మోకాళ్ల మీదా ఆ బూడిద రంగును బాగా పల్చగా, బ్రష్ దాదాపు పొడిగా తుడిచేసి, తాకీ తాకనట్టు రాశాను. అప్పటికిగానీ వాడు నడిచిన మనిషిలా అనిపించలేదు. బాబాయ్ గోచీ బిగించుకుని మళ్లీ చెట్టెక్కుతుంటే, ఎర్ర కోటు ఒక్కటి తొడిగితే ఇద్దరికీ తేడా ఏముంటుందా అని చూస్తూ ఉండిపోయాను.

తర్వాత జాంగియా. ఇదివరకు కోణాలు ఒక్కొక్కటీ విడిగా గీసేదాన్ని, చివరికొచ్చేసరికి ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ అయ్యేది. ఇవాళ ముందు అంచు పొడుగునా నీలం చుక్కలు పెట్టాను, తొడ చుట్టూ పద్నాలుగు. ఆరనిచ్చి, ఎడం సరిచూసుకుని, చుక్క నుంచి అంచుకు రెండేసి గీతలు లాగి మధ్యలో నింపాను. అప్పటికీ వంకరలు ఉన్నాయి. వాటిని నీలంతో దిద్దకుండా, తెల్ల రంగు తీసుకుని పక్కల నుంచి కోసుకుంటూ వచ్చాను. గీత సన్నగా రావాలంటే సన్నగా గీయడం కాదు, లావుగా గీసి పక్కరంగుతో చెక్కాలి. ఎడం కాలు బాగా వచ్చింది. కుడి కాలు వెనకవైపు ఒక కోణం చిన్నబోయింది, దాన్ని అలాగే ఉంచేశాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మొహం దగ్గరికి వచ్చాను. అసలు భయం అక్కడే. నుదుటి మీద ఏం పెట్టాలి?

ఇది నాకు చిన్న విషయం కాదు. 1805 నవంబర్‌లో మద్రాసు సైన్యానికి ఒక హుకుం వచ్చింది. యూనిఫాంలో ఉన్నప్పుడు నుదుట నామాలూ విభూతీ ఉండకూడదు, గెడ్డాలు తీసేయాలి, తోలు తురాయి ఉన్న కొత్త తలపాగా పెట్టుకోవాలి. మరుసటి ఏడు జూలై 10న వెల్లూరు కోటలో సిపాయిలు తిరగబడ్డారు. 1857కి యాభై ఏళ్ల ముందు మాట. నా సిపాయి అంతకు పాతికేళ్ల ముందువాడు. వాడి నుదుటి మీద ఇంకా ఎవరి హుకుమూ లేదు. అలాంటివాణ్ణి బోడి నుదురుతో వదిలేయడానికి నాకు చెయ్యి రాలేదు.

పొద్దున హరిదాసు వచ్చినప్పుడు బియ్యం పోస్తూ ఆయన నామం పరీక్షగా చూశాను. తీరా బల్ల దగ్గర కూర్చుని తెల్ల గీత, ఎర్ర గీత, తెల్ల గీత అని వరసగా వేస్తే అంతా కలిసి మచ్చలా తయారైంది. తడి బ్రష్‌తో తుడిచేశాను. రెండోసారీ అంతే. అత్తయ్య కళ్లజోడు సర్దుకుని వచ్చి కూర్చుంది.

"నామం అలా పెట్టరే అమ్మాయ్. ముందు తెల్లది మొత్తం పెట్టుకుని, అది ఆరాక మధ్యలో తిరుచూర్ణం పెడతారు."

మావయ్యగారికి అద్దం పట్టుకుని నిలబడ్డ మనిషి కదా, ఆవిడకి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది! బాగా సన్నటి త్రిబుల్ జీరో బ్రష్‌తో కనుబొమల మధ్య నుంచి పైకి తెల్లగా చిన్న పలక వేశాను. ఆరాక నడిమిన ఎర్ర గీత. అప్పుడు పొద్దున కలిపిన బాబాయ్ చేతి రంగు తీసుకుని, ఎరుపుకి అటూ ఇటూ సందు చెక్కాను. ఊపిరి బిగబట్టి రెండు గీతలు. భూతద్దంలో చూస్తే నామం! అద్దం తీసేసి చూసినా నామమే. అత్తయ్య తన చీర చెంగుతో కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది.

"వీడు ఏ యుద్ధానికి వెళ్లాడే?"

చెప్పాను. ఆ ఏడు మైసూరు హైదర్ అలీ కర్ణాటకం మీద పడ్డాడు. మద్రాసుకి సైన్యం కావాల్సి వచ్చింది. విశాఖపట్నంలో ఉన్న సర్కారు పటాలం సిపాయిలను ఓడ ఎక్కమన్నారు. 1780 అక్టోబర్ 3న వాళ్లు ఎక్కం అన్నారు. తుపాకులు తెల్లదొరల మీదికే తిప్పారు. చచ్చిపోయిన దొరలకు విశాఖలో పాత యూరోపియన్ల శ్మశానంలో స్మారకం ఉంది.

"మరి వీళ్లకి?"

నేనేమీ అనలేదు. ఆవిడ కాసేపు బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, జాగ్రత్తగా నా చేతిలో పెట్టింది.

వార్నిష్ ఇవాళ కొట్టలేదు. కిందటి జనవరిలో తొందరపడి మంచులో స్ప్రే చేస్తే, నెల రోజులు పట్టి వేసిన గుర్రపు రౌతు మొత్తం పాలపొర కప్పినట్టు తెల్లబడిపోయాడు. మన గాలిలో తేమకు అది తప్పదు. ఎండ గట్టిగా కాసే రోజు మిట్టమధ్యాహ్నం చూసుకుని చేస్తాను.

సాయంత్రం కింద దిమ్మ పని పెట్టుకున్నాను. అంతర్వేది నుంచి సీసాలో తెచ్చుకున్న ఇసుక ఉంది. టీ వడపోసే జల్లెడలో జల్లించి, ఫెవికాల్‌లో నీళ్లు కలిపి దిమ్మ మీద రాసి, పైన చల్లాను. ఒక పక్క అల వచ్చి వెనక్కి వెళ్లినట్టు తడి గీత రావాలి. అక్కడ ఇసుకను కాస్త ముదురు చేశాను. సిపాయిని ఎటు నిలబెట్టాలో మాత్రం చాలాసేపు తేల్చుకోలేకపోయాను. పెట్టె మీద బొమ్మలో వాడు సముద్రం వైపు తుపాకీ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

నేను ఊరి వైపు తిప్పి అతికించాను. మడమల వెనక తడి ఇసుక, ముందు పొడి ఇసుక.

గమ్ ఆరేదాకా చీమలూ దుమ్మూ పట్టకుండా వాడి మీద స్టీలు గిన్నె బోర్లించాను. రేపటి ముగ్గుకి పదిహేను చుక్కలట, అత్తయ్య అప్పుడే పిండి కలిపి పెట్టింది.