సీసా బల్ల మీద న్యూట్రినో

నిన్న సాయంత్రం బీచ్ రోడ్డు పార్కులో అక్క కూతుర్ని సీసా బల్ల ఎక్కించాను. అటు నేను కూర్చోగానే గాల్లోకి లేచిపోయి "మామయ్యా, దించూ!" అని ఒకటే కేక. చెప్పులు జారిపోయి, ఇసుక అంటిన పాదాలు ఊగుతున్నాయి.

నాలుగు నెలలుగా నోట్‌బుక్కులో నేను కుస్తీ పడుతున్నది దీనితోనే. న్యూట్రినోలంటే విద్యుదావేశం లేని, దేన్నీ పెద్దగా తాకకుండా దూసుకుపోయే సూక్ష్మ కణాలు. వాటి బరువు గురించిన ఈ భౌతికశాస్త్ర సిద్ధాంతం పేరు కూడా సీసానే. ఒక చివర ఇంకా ఎవరికీ దొరకని మహా బరువైన న్యూట్రినో, ఇంకో చివర మనకు తెలిసిన తేలికపాటిది. అది ఎంత బరువైతే ఇది అంత తేలిక. ఎంత తేలికంటే, ఎలక్ట్రాన్ బరువులో పది లక్షల వంతు కూడా ఉండదు. అసలు బరువే లేదనుకునేవాళ్ళు చాలాకాలం. 1998లో జపాన్‌లోని సూపర్ కామియోకాండే ప్రయోగం, న్యూట్రినోలు దారిలోనే రకం మార్చుకుంటాయని చూపించింది. బరువు లేకపోతే ఆ మార్పు కుదరదు.

నన్ను పట్టి కుదిపేసేది మాత్రం 1986లో జపాన్ భౌతిక శాస్త్రవేత్తలు ఫుకుగిటా, యనగిడా చెప్పిన మాట. విశ్వం పుట్టిన తొలి క్షణాల్లో ఆ బరువైన న్యూట్రినోలు విరిగిపోతూ పదార్థానికీ, దానికి అద్దంలో బింబం లాంటి, తాకితే రెండూ మాయమైపోయే ప్రతిపదార్థానికీ మధ్య చిన్న తేడా వదిలి ఉంటాయట. రెండూ కలిసి హరించుకుపోగా, సుమారు వంద కోట్లకు ఒక్క కణం చొప్పున మిగిలింది. ఇంకా రుజువు కాలేదు, కానీ నాకు ఇంతకంటే అందమైన ఊహ తెలీదు.

ఈ సముద్రం, ఆ కైలాసగిరి, పాప కాళ్ళ ఇసుక, అంతా ఆ మిగులే.

మెల్లగా దించాను. "ఇంకోసారి మామయ్యా" అంది.