పింగ్ బాగుంది, ఫైలు కదలదు: ఒక సూడోవైర్‌తో నా అనుభవం

హైదరాబాద్ నుంచి విశాఖపట్నానికి మేం నడిపే ఒక ఈథర్నెట్ సూడోవైర్ (కస్టమర్ ఆఫీసులను మా నెట్‌వర్క్ గుండా ఒకే తీగలా కలిపే సర్క్యూట్) మీద ఫిర్యాదు వచ్చింది. పెద్ద ఫైళ్లు నత్తనడక నడుస్తున్నాయి. అవతలి చివర పలుకుతోందా అని చూసే పింగ్ పరీక్ష మాత్రం నిక్షేపంగా ఉంది. అదే చెబితే కస్టమర్ వైపు ఐటీ మేనేజర్, "పింగ్ బాగుంటే మా ఫైళ్లు బాగున్నట్టేనా సార్?" అన్నారు. అడగాల్సిన మాటే.

అంతకు కొద్దిరోజుల ముందే కోర్‌లో, అంటే మా నెట్‌వర్క్ నడిబొడ్డున, సమాన కాస్టుతో (రూటర్లు రెండు దారులనూ సమానంగా ఎంచేలా) రెండో లింకు కలిపాం. దాంతో మా బృందంలో అందరి అనుమానమూ లూప్ మీదకే (ప్యాకెట్లు గమ్యం చేరక రూటర్ల మధ్యే తిరగడం) వెళ్లింది. మా కోర్ వాడే ఎంపీఎల్ఎస్ పద్ధతిలో ప్యాకెట్‌కు దారి చెప్పే లేబుల్ అతికిస్తారు. 32 బిట్ల ఆ లేబుల్ ఎంట్రీలో 8 బిట్లు టీటీఎల్ అనే ఆయుష్షు అంకెవి. రూటర్ దాటిన ప్రతిసారీ అది ఒకటి తగ్గుతుంది. సున్నా అయితే ప్యాకెట్ అక్కడితో సరి, అలా పడేసిన ప్యాకెట్ల గురించి ఆ రూటర్ ఉంచే లెక్కలో ఒకటి పెరుగుతుంది. మా రూటర్లలో ఆ లెక్క కదలనే లేదు. లేబుళ్లను పంచే ఎల్‌డీపీ ప్రోటోకాల్‌లో పాత్ వెక్టర్‌తో (దాటిన రూటర్ల జాబితాతో) లూప్‌ను పసిగట్టే ఏర్పాటు ఉంది గానీ, దారులు లెక్కకట్టే ఐజీపీ ఉండగా ఎందుకని మేం వాడం. (లేబుల్‌లో టీటీఎల్ లేని ఏటీఎం అనే పాత తరం నెట్‌వర్క్ స్విచ్‌ల కాలంలో ఆ ధీమా కుదరలేదు. దారి వేసే ముందే ఒక రంగు దారం పంపి, అదే రంగు తిరిగొస్తే లూప్ అని తేల్చే పద్ధతిని 2001లో ఆర్ఎఫ్‌సీ 3063 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం రాసింది. ముచ్చటైన ఆలోచన.) మైక్రోలూప్ అనుకుందామంటే, అది రూటర్లు కొత్త దారి లెక్కకట్టుకునే కాసేపే ఉంటుంది. ఈ జబ్బు రోజంతా ఉంది.

విశాఖ చివర తీసిన క్యాప్చర్‌లో, అంటే వచ్చిన ప్యాకెట్ల నకలులో, దొంగ దొరికాడు. ఫైలును ముక్కలుగా మోసే టీసీపీ ప్రోటోకాల్ వేసిన సీక్వెన్స్ (వరుస) నంబర్లు వెనకాముందయ్యాయి. వరుస తప్పిన ప్యాకెట్లను పోయినవిగా లెక్కేసి టీసీపీ మళ్లీ పంపుతోంది, వేగం తగ్గించుకుంటోంది. పింగ్‌లో మామూలుగా ఒకటి వెళ్లొచ్చాకే ఇంకొకటి బయల్దేరుతుంది కాబట్టి వరుస తప్పే ప్రశ్నే లేదు. పైగా విశాఖ నుంచి హైదరాబాద్‌కు పంపితే అంతా సవ్యమే.

ఒకే ఫైలు ప్యాకెట్లు రెండు లింకుల మీదకీ ఎందుకు చెదురుతున్నాయి? మధ్య రూటర్‌కు లేబుళ్ల కింద ఏముందో తెలియదు. చివరి లేబుల్ తర్వాతి మొదటి 4 బిట్లు చూస్తుంది: 4 ఉంటే ఐపీవీ4, 6 ఉంటే ఐపీవీ6 అని ఊహించి, అడ్రస్‌లు ఉండాల్సిన చోటి బైట్లతో హాష్ అనే ఒక సంఖ్య కట్టి, దాన్నిబట్టి లింకు ఎంచుతుంది. మా సూడోవైర్‌లో అక్కడ ఉన్నది ఈథర్నెట్ ఫ్రేము. ఫ్రేములో ముందుండేది గమ్యం మ్యాక్ అడ్రస్, అంటే అందుకునే పరికరం హార్డ్‌వేర్ చిరునామా. విశాఖ ఆఫీసు ఫైర్‌వాల్ మ్యాక్ 6తో మొదలవుతుంది! రూటర్ ఐపీవీ6 అడ్రస్ అనుకున్న చోట నిజానికి లోపలి ఐపీ హెడర్‌లోని ఐడెంటిఫికేషన్ నంబరు, చెక్‌సమ్ ఉన్నాయి. అవి ప్యాకెట్ ప్యాకెట్‌కూ మారతాయి, వాటితోపాటే లింకూ మారుతుంది. ఒకే లింకు ఉన్నన్నాళ్లూ ఈ తప్పుడు ఊహ ఎవరికీ తగల్లేదు.

ఇది కొత్త జబ్బేమీ కాదు. 2007లోనే ఆర్ఎఫ్‌సీ 4928 ఈ ఊహ గురించి హెచ్చరించింది; 2018లో ఆర్ఎఫ్‌సీ 8469 ఈథర్నెట్ సూడోవైర్‌లో ఫ్రేముకు ముందు కంట్రోల్ వర్డ్ అనే చిన్న హెడర్ పెట్టమని గట్టిగా చెప్పింది. ఆ వర్డ్ మొదటి 4 బిట్లూ సున్నాలే కాబట్టి రూటర్ ఐపీ అని పొరబడదు.

మందు రెండు లైన్ల కాన్ఫిగరేషన్. వేయడానికే తల ప్రాణం తోకకొచ్చింది. కంట్రోల్ వర్డ్ రెండు చివర్లా ఉండాలి, మార్చినప్పుడు సర్క్యూట్ ఒకసారి పడి లేస్తుంది. చేంజ్ రిక్వెస్ట్, కస్టమర్ సమ్మతి, అర్ధరాత్రి విండో అన్నీ కావాలి. "పింగ్ బాగానే ఉందిగా, ఎందుకు కదపడం?" అని మా వాళ్లే అడ్డుపడ్డారు. క్యాప్చర్‌లో మ్యాక్ ఉన్న వరుస చూపించాక సంతకం పడింది. మార్చిన వెంటనే వరుస తప్పడం ఆగిపోయింది.

ఇప్పుడు ఆ సర్క్యూట్ మొత్తం ఒకే లింకు మీద పోతోంది. రెండింటికీ పద్ధతిగా పంచాలంటే ఫ్లో లేబుల్ వాడాలి: లోపల చూడగలిగే మొదటి రూటరే ఒక్కో ఫ్లోకు (ఒకే సంభాషణకు చెందిన ప్యాకెట్లకు) ఒక లేబుల్ వేస్తే మధ్యవాటికి ఊహించే పని తప్పుతుంది. విశాఖ చివరి రూటర్ పాతది, అది ఫ్లో లేబుల్ ఎరగదు. దాన్ని మార్చాలన్న ప్రతిపాదన కొనుగోళ్ల విభాగంలో ఉంది.