కానుగాకు కాల్చకండి, నాకివ్వండి

మా గల్లీలో రెండు కానుగ చెట్లున్నాయి. ఫిబ్రవరి ఆఖర్లో రాల్చడం మొదలెడతాయి, ఉగాది దాటేసరికి మొత్తం దులిపేసుకుని లేత చిగురుతో నిగనిగలాడుతుంటాయి, ఆ మధ్యలో ఓ నెల పాటు పొద్దున్నే గేటు తీస్తే గల్లీ నిండా ఎండాకే. ఊడ్చే అక్క ఇదివరకు కుప్ప చేసి అగ్గిపెట్టేసేది, పొగంతా మా ఇంట్లోకే. ఇప్పుడు మాత్రం "సంచి తేపో అన్నా" అని తనే కేకేస్తుంది.

వెనకాల ఓ నాలుగు చిన్న మళ్ళున్నాయి మాకు. టమాట, వంగ, బెండ, గోంగూర. హైదరాబాద్ ఎర్రమట్టి సంగతి తెలిసిందేగా, మార్చి దాటితే పొద్దున పెట్టిన తడి మధ్యాహ్నానికి జాడ ఉండదు. ఏప్రిల్లో బోరు ఓ గంట పోస్తే గొప్ప, తర్వాత ట్యాంకరే, ఇంక డబ్బులిచ్చి తెప్పించిన నీళ్ళు వంకాయలకి పోస్తుంటే ఇంట్లో చూసే చూపులు నేను రాయలేను.

అందుకే ఈ మల్చింగ్. ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్ళు ఆచ్ఛాదన అంటారు, పేరేదైనా పని ఒకటే, మట్టికి ఎండా గాలీ నేరుగా తగలకుండా కప్పడం. పైమట్టి ఎండేకొద్దీ కింద తడిని లాక్కుంటుంది, అదీ ఆవిరైపోతుంది, పైన నీడ పడితే ఆ లాగుడు తగ్గుతుంది.

మొదటేడాది అన్నీ తప్పులే చేశా. పొడినేల మీదే ఆకు మందంగా పరిచేశా, పైన నీళ్ళు పోస్తే ఆకులు తడిసి మెరుస్తున్నాయి గానీ కింద వేలు పెడితే దుమ్ము! పైగా టమాటా మొదళ్ళ దాకా కప్పేశా, ఓ వాన పడ్డాక రెండు మొక్కలు మొదలు కుళ్ళి వాలిపోయాయి. ఇంకోసారి వరిగడ్డి తెచ్చి వేస్తే అందులో మిగిలిన గింజలు మొలిచి బెండ మడి కాస్తా నారుమడి అయింది.

ఇప్పుడైతే సాయంత్రం మడి బాగా తడిపి, తెల్లారి కలుపు పీకేసి, మూడంగుళాల మందాన ఆకు వేస్తా, మొక్క చుట్టూ జానెడులో సగం ఖాళీ. కానుగాకు తేలిక, గాలికి లేచిపోతుంది, అందుకని పైన కాస్త నీళ్ళు చిలకరించి ఎండు మునగ రెమ్మలు అడ్డం పెడతా. రెండు వారాల్లో సగానికి అణిగిపోతుంది, మళ్ళీ వేయాలి. గోంగూర, తోటకూర లాంటివి మాత్రం మొలిచి బెత్తెడు ఎదిగాకే, ముందే వేస్తే ఆ చిన్న గింజలు పైకి రాలేవు.

మొన్న మిట్టమధ్యాహ్నం రెండింటికి వంగ మడిలో ఆకు పక్కకి తోసి చూశా. మట్టి నల్లగా, చల్లగా, పిడికిట్లో నొక్కితే ముద్దవుతోంది, ఓ వానపాము చటుక్కున లోపలికి జారుకుంది. పక్కన కప్పని గట్టు మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. రోజూ పెట్టే నీళ్ళు ఇప్పుడు రెండ్రోజులకోసారి చాలుతున్నాయి.

పక్కింటి ఆంటీ "తేళ్ళొస్తాయి నాయనా" అంటూనే ఉంది. తేళ్ళు రాలేదు గానీ ఓ జెర్రి కనపడింది, అప్పట్నుంచి చేత్తో కాకుండా కర్రతోనే కదుపుతున్నా.

మే నెలకని మెట్ల కింద రెండు సంచులు దాచా. వాటి మీద పిల్లి పిల్లల్ని పెట్టింది. అవి కళ్ళు తెరిచేదాకా సంచుల జోలికెళ్ళొద్దని ఇంట్లో ఆర్డర్.