జీలకర్ర బెల్లం దగ్గర చీకటి

రాత్రి పన్నెండు దాటింది. పడుకుందామని లైటు కూడా ఆర్పేశాను, కానీ సాయంత్రం అమ్మ అన్న మాట చెవిలోంచి పోవట్లేదు. "పాత టీవీలో ఎంత బాగా కనపడేదే ఇది, ఇంత డబ్బు పోసి కొన్న దాంట్లో ఇలా అలుక్కుపోయిందేంటి?" అంది. అని, కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. లోపం తన చూపుదేమో అనుకుంది. ఆ తుడుచుకోవడమే నన్ను పడుకోనివ్వట్లేదు.

అక్క పెళ్ళి డీవీడీ సంగతే. అమ్మ వచ్చిన ప్రతిసారీ అడుగుతుంది, నేను ప్రతిసారీ రేపంటాను, ఇప్పటి ల్యాప్‌టాప్‌లకి డిస్కు పెట్టే చోటే లేదు కదా. ఈసారి ఈయన యూఎస్‌బీ డ్రైవ్ ఒకటి తెప్పించి, తన ఆఫీసు పనికి కొన్న 27 అంగుళాల 4కే మానిటర్‌ని హాల్లోకి మోసుకొచ్చి మరీ పెట్టారు. కుర్చీలు దగ్గరికి లాక్కుని అందరం కూర్చున్నాం, చిట్టి అయితే దాని ముందే బాసింపట్టు వేసేసింది. మొదలవగానే అమ్మ "అదేంటే, అందరూ ఇలా లావైపోయారు, మీ నాన్న ఎప్పుడైనా అలా ఉన్నారా?" అంది. చిట్టి కీబోర్డు మీద 'ఏ' మీట నొక్కేసినట్టుంది, వీడియో చూపించే వీఎల్‌సీ సాఫ్ట్‌వేర్‌లో అది నొక్కితే బొమ్మ కొలతలు మారిపోతాయి, 4:3 బొమ్మ కాస్తా 16:9కి సాగిపోయింది. అది వెంటనే సరిచేశాను. మనుషులు సన్నబడ్డారు గానీ మసక పోలేదు. పైగా ఎవరైనా చెయ్యి కదిపితే చాలు, ఆ చేతి అంచు దువ్వెన పళ్ళలాగా చీలిపోతోంది. పది నిమిషాలు చూసి అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళి చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ కూర్చుంది. పిలిచినా రాలేదు.

అందరూ పడుకున్నాక మళ్ళీ పెట్టాను. ఆ దువ్వెన పళ్ళ సంగతి ముందు తేలింది. మన దేశంలో టీవీలకి వాడిన పాల్ అనే పద్ధతిలో సెకనుకి 25 బొమ్మలు, కానీ ఒక్కో బొమ్మా రెండు సగాలుగా ఉంటుంది, ముందు బేసి గీతలు, తర్వాత సరి గీతలు, అంటే సెకనుకి 50 సగాలు. పాత డబ్బా టీవీ వాటిని ఒకదాని తర్వాత ఒకటి గీసేది కాబట్టి కదలిక నున్నగా కనపడేది. ఈ మానిటర్ రెండు సగాలనీ ఒకేసారి చూపిస్తుంది, మధ్యలో సెకనులో యాభయ్యో వంతు గడిచి చెయ్యి జరిగి ఉంటుంది, అందుకే పళ్ళు. ఈ సగాలని సరిచేసే డీఇంటర్‌లేస్ అనే సెట్టింగు వీఎల్‌సీలో ఆటోమేటిక్‌లో ఉంటే ఎందుకో ఈ డిస్కుని పట్టుకోలేదు. దాన్ని ఆన్ చేసి, మోడ్‌లో యాడిఫ్ 2ఎక్స్ పెట్టగానే పళ్ళన్నీ పోయాయి, అక్క తల తిప్పితే మళ్ళీ మనిషి తల తిప్పినట్టే ఉంది. జుట్టు నలుపు బూడిదరంగులో కనపడటం ఇంకొకటి. డీవీడీలో నలుపు 0 దగ్గర కాదు, 16 దగ్గర మొదలవుతుంది, గ్రాఫిక్స్ సెట్టింగుల్లో రేంజ్, అంటే నలుపు నుంచి తెలుపు దాకా ఎంత మేర చూపాలన్నది, లిమిటెడ్‌లో ఉండిపోయింది, ఫుల్‌కి మారిస్తే సరిపోయింది. ఇవి రెండూ అమ్మ కూర్చుని ఉండగానే చేసి ఉండాల్సింది.

అక్కడితో ఆగితే బాగుండేది. పదును కూడా రావాలనిపించింది. మానిటర్ బటన్లతో షార్ప్‌నెస్ 80 దాకా పెంచాను, నాన్న భుజం చుట్టూ తెల్లటి గీత పుట్టింది తప్ప ముఖం తేరలేదు. లెక్క వేసి చూస్తే ఎక్కడి నుంచి వస్తుంది? డీవీడీ బొమ్మ 720 చుక్కలు అడ్డం, 576 నిలువు. ఈ మానిటర్ 3840 అడ్డం, 2160 నిలువు. గుణించి చూశాను, సరిగ్గా 20 రెట్లు. 4:3 బొమ్మకి రెండు పక్కలా మిగిలే నలుపు తీసేసినా 15 రెట్లు, అంటే డిస్కు ఒక్క చుక్క ఇస్తే మిగిలిన పద్నాలుగూ కంప్యూటర్ ఊహించి నింపాలి. అదీ, డిస్కులో ఉన్నదైనా నికరమైన బొమ్మ కాదు, వీహెచ్ఎస్ కేసెట్‌లోంచి వచ్చింది, దాంట్లో అడ్డంగా ఉండే వివరమే సుమారు 240 గీతలు. పాత 21 అంగుళాల టీవీని ఎనిమిది అడుగుల దూరంలో చాప మీద కూర్చుని చూసేవాళ్ళం, ఇప్పుడు ఇంత పెద్దది మోకాళ్ళకి ఆనేంత దగ్గర పెట్టుకున్నాం.

మానిటర్‌ని నేను క్షమించగలను. క్షమించలేనిది ఆ డిస్కు చేసిన వాళ్ళని. 2009లో నాన్న రెండు కేసెట్లు సంచిలో పెట్టుకుని, బస్సు ఎక్కి, టౌన్లో వీడియో మిక్సింగ్ చేసే షాపులో ఇచ్చి వచ్చారు. నాలుగు గంటల వీడియో. వాళ్ళు నాలుగు గంటలనీ ఒకే డిస్కులోకి కుక్కేశారు. 4.7 జీబీ డిస్కు అది, రెండు గంటలు రాస్తే సెకనుకి 5 మెగాబిట్ల పైన దక్కుతుంది, నాలుగు గంటలు రాస్తే అందులో సగమే. డీవీడీ వీడియోకి 9.8 దాకా ఇవ్వొచ్చు. ఇంకొక్క ఖాళీ డిస్కు, అంతే. రెండు డిస్కులు చేయమంటారా అని నాన్నని ఒక్క మాట అడిగితే, చేయండి బాబూ అని డబ్బులు టేబుల్ మీద పెట్టే మనిషి ఆయన. అడగలేదు. కుక్కేసరికి ఏమైందంటే, వెలుతురు బాగా ఉన్నచోట పర్లేదు, ఎక్కడ చీకటి పడితే అక్కడ బొమ్మ చదరపు గళ్ళు గళ్ళుగా విరిగిపోతుంది, ఎందుకంటే బిట్లు చాలనప్పుడు ముందు కోత పడేది చీకటి వివరాల మీదే. కింద ఆ షాపు పేరూ ఫోన్ నంబరూ మాత్రం స్పష్టంగా చదవొచ్చు, అవి తర్వాత కంప్యూటర్‌లో అతికించినవి కాబట్టి. మా నాయనమ్మ ముఖం కంటే ఆ ఫోన్ నంబరు స్పష్టంగా ఉంది. ఇది రాస్తుంటే కూడా ఒళ్ళు మండుతోంది. కేసెట్లేమో బూజు పట్టాయని ఊళ్ళో ఇల్లు అమ్మినప్పుడు మేమే పారేశాం. డిస్కు ఉంది కదా అనుకున్నాం.

తర్వాత ఏఐ సాఫ్ట్‌వేర్ ట్రయల్ ఒకటి దించుకున్నాను. నాయనమ్మ దగ్గరగా కనపడే ఇరవై సెకన్ల ముక్క దానికిచ్చాను. నలభై నిమిషాలు ఫ్యాను గిరగిరా తిరిగాక ఫైలు వచ్చింది. తెరిచాను. నిజంగానే పదునుగా ఉంది, చీర అంచు కూడా తెలుస్తోంది, ఒక్క క్షణం లేచి అమ్మని నిద్ర లేపుదామనుకున్నాను. తర్వాత ముఖం చూశాను. నాయనమ్మకి చిన్నప్పుడు అమ్మవారు పోసిందట, బుగ్గల మీద మచ్చలుండేవి, ఎడమ బుగ్గ మీద మరీ ఎక్కువ. మధ్యాహ్నం పక్కన పడుకోబెట్టుకుంటే నేను వాటి మీద వేలు పెట్టి లెక్కపెట్టేదాన్ని, లెక్క ఎప్పుడూ కుదరక మళ్ళీ మొదలెట్టేదాన్ని. ఈ ఫైల్లో ఆ మచ్చలు లేవు. పింగాణీ గిన్నెలాగా నున్నటి బుగ్గలు. మసక డిస్కులో, ఆ గళ్ళ మధ్య, వీడియో లైటు పక్కనుంచి పడ్డచోట, ఆ మచ్చలు కొంచెం కొంచెం తెలుస్తున్నాయి. ఇందులో ఎవరో వేరే ముసలావిడ మా అక్క మీద అక్షింతలు వేస్తోంది. ఆ ఫైలు చెరిపేశాను.

లైటు అంటే గుర్తొచ్చింది, ఆ లైటు కుర్రాడి గురించి ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. 1997 మే నెల, తెనాలి దగ్గర మా ఊళ్ళో, తాటాకు పందిరి కింద. నాకప్పుడు పదకొండేళ్ళు. వీడియో ఆయన పెద్ద కెమెరా భుజం మీద పెట్టుకుని ఎటు తిరిగితే అటు, పొడుగు వైరు ఈడ్చుకుంటూ, హాలోజెన్ లైటు ఎత్తి పట్టుకుని వెనకాలే తిరిగే కుర్రాడు. నాకంటే మూడు నాలుగేళ్ళు పెద్ద ఉంటాడేమో. పొద్దున స్నాతకం దగ్గర్నుంచీ పట్టుకునే ఉన్నాడు. చొక్కా వీపంతా తడిసిపోయింది. ఆ లైటు మన మీదకి తిరిగితే ముఖం సుర్రుమనేది, పెళ్ళికూతురి ముఖం మీద పౌడరంతా చెమటలో కారిపోతోందని మా పిన్ని విసనకర్రతో విసురుతూనే ఉంది, మరి దాన్ని పట్టుకున్న వాడి చెయ్యి ఏమై ఉంటుంది. ఎవరూ పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు, వైరు తొక్కకుండా గెంతడమే నాకు ఆట. సరిగ్గా జీలకర్ర బెల్లం సమయానికి, భజంత్రీలు గట్టిగా అందుకున్నప్పుడు, లైటు పక్కకి వాలిపోయింది. నాలుగైదు సెకన్లే. వీడియో ఆయన "ఒరేయ్!" అని అరిచాడు. నాన్న కూడా అరిచారు. చూస్తే నాయనమ్మ ఆ కుర్రాడికి మజ్జిగ గ్లాసు అందిస్తోంది, "పిల్లాడి చెయ్యి కాలిపోతోంది, ఓ గుక్క తాగనివ్వండి" అంటోంది. ముహూర్తం వేళ ఎందుకమ్మా అని నాన్న విసుక్కుంటే, "ముహూర్తం నీ కూతురికి, దాహం వాడికి" అంది. ఈ మాటని నాన్న చాలా ఏళ్ళు కోపంగానే చెప్పారు, అసలైన ఘట్టమే చీకటైపోయిందని. నాయనమ్మ పోయాక మాత్రం ఆ మాట ఎత్తడం మానేశారు.

ఆ నాలుగు సెకన్లు ఎక్కడున్నాయో వెతికాను. ఉన్నాయి. వీఎల్‌సీ ఎఫెక్ట్స్‌లో చీకటి భాగాలని వెలిగించే గామా పెంచాను, చీకటి కాస్త విడింది, విడితే లోపల గళ్ళే. ఆపి చూశాను, ఒక్కొక్క ఫ్రేమూ జరిపి చూశాను, గోధుమరంగు చదరాలు తప్ప ఏమీ లేదు. ఆ షాపు వాళ్ళని మళ్ళీ తిట్టుకున్నాను. విసుగొచ్చి మామూలుగా నడిపేసి మంచినీళ్ళకి లేస్తూ వెనక్కి తిరిగి చూస్తే, కనపడింది. కుడివైపు కింద ఒక చెయ్యి ముందుకి వెళ్ళి, ఆగి, వెనక్కి వచ్చింది. ఆపితే లేదు, నడిపితే ఉంది. పది సార్లైనా వెనక్కి తిప్పి చూసి ఉంటాను. రాత్రంతా బొమ్మని ఆపి ఆపి లోపాలు వెతికాను గానీ, కదలనిచ్చి దూరం నుంచి ఒక్కసారీ చూడలేదు.

అందుకని రేపు అమ్మకి ఫుల్ స్క్రీన్ పెట్టను. పదును వద్దు, షార్ప్‌నెస్ మళ్ళీ మామూలుగా పెట్టేశాను. అసలు సైజులో పెడితే ఈ మానిటర్ మీద బొమ్మ ఇంచుమించు పోస్టుకార్డంత వస్తుంది, అది మరీ చిన్నది. జూమ్‌లో 2:1 పెడితే అడ్డం తొమ్మిది అంగుళాల చిల్లర, పెళ్ళి ఆల్బమ్‌లో పెద్ద ఫోటో అంత, చుట్టూ నలుపు. ముఖాలు బాగున్నాయి. సోఫా గోడకి జరిపి అక్కడ కూర్చోబెడతాను. ఇలా చిన్నగా పెడితే ఇంత పెద్ద మానిటర్ ఎందుకని ఈయన అంటారు, అననీ.

డిస్కుని హార్డ్ డిస్క్‌లోకి కాపీ పెట్టాను, ఇలా ఖాళీ డిస్కు మీద రాసేవాటిల్లో ఉండేది రంగు పొర, వేడికీ వెలుతురికీ మెల్లగా పాడైపోతుంది, పదిహేనేళ్ళు దాటింది. మళ్ళీ కుదించకుండా, డిస్కులో వీడియో ఉండే ఆ వీఓబీ ఫైళ్ళు ఉన్నవి ఉన్నట్టే దాస్తున్నాను. మూడో ఫైలు దగ్గర డ్రైవ్ గరగరమంటూ ఆగి ఆగి చదువుతోంది. టెన్షన్‌గా ఉంది.

ఆ చప్పుడు వింటూ కూర్చుంటే ఒకటి తట్టింది. అప్పట్లో మగపెళ్ళివారికి వేరే కేసెట్ సెట్ ఒకటి ఇచ్చాం. బావగారి వాళ్ళమ్మ ఏదీ పారేసే మనిషి కాదు, పెళ్ళి శుభలేఖలే ట్రంకు పెట్టె నిండా దాచింది. అది గనక బూజు పట్టకుండా ఉంటే, మళ్ళీ మొదటి నుంచి, ఎవరికీ ఇవ్వకుండా, మంచి వీసీఆర్ సంపాదించి నేనే ఎక్కిస్తాను. ఎవరూ దాన్ని తుడవకూడదు, పాత వీసీఆర్‌లో పెట్టి చూడకూడదు, ముందు ఆ మాట చెప్పాలి. అక్క ఆదివారం ఎనిమిదింటికి గానీ లేవదు. ఇప్పుడు రెండవుతోంది.