డిక్కీ మూత తేలికైతే స్ప్రింగు ఊరుకోదు

మొదటి తరం మాజ్దా ఎంఎక్స్-5 (1989లో వచ్చిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు) కొన్నవాళ్లు చాలామంది బరువు తగ్గించడానికి ముందుగా కార్బన్ ఫైబర్ బానెట్ కొంటారు. నన్నడిగితే దండగ ఖర్చు. దాని బానెట్ ఫ్యాక్టరీ నుంచి వచ్చేదే అల్యూమినియం. అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకోదు. అసలు బండి మొత్తమే టన్ను లోపు.

బరువున్నది ముందు ఫెండర్లలోనూ (చక్రాల మీది రేకులు) డిక్కీ మూతలోనూ. ఇంగ్లండ్‌లోని కొవెంట్రీలో నా బండికి ఫైబర్‌గ్లాస్‌వి వేసింది ఆ భాగాలకే. వెనక ఫెండర్లు బాడీకి వెల్డింగ్ చేసి ఉంటాయి, వాటి జోలికి పోలేదు.

ముందు ఫెండర్లు బోల్టుల మీద ఉంటాయి, పది నంబరు పానాతో ఊడొస్తాయి. కింద సిల్ (తలుపు కింద ఉండే బాడీ అంచు) దగ్గరవి మాత్రం మొండికేస్తాయి. ఇక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, తుప్పు పట్టేస్తుంది మరి. ఫెండర్ వెనక మూలలో ఆకులూ మట్టీ పేరుకుని ఎప్పుడూ తడిగా ఉంటుంది. ఎలాగూ విప్పారు కాబట్టి సిల్‌ను స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. లోపలికి దిగబడిందంటే ఫైబర్ ముచ్చట పక్కనపెట్టి ముందు వెల్డర్ని పిలవండి.

"తెచ్చి బిగించుకోవడమే" అని అమ్మేవాడు చెబుతాడు, నమ్మకండి. నాకొచ్చిన వాటికి బోల్టు కన్నాలే లేవు. తలుపూ బానెట్టూ మూసి, ఫెండర్‌ను టేపుతో నిలబెట్టి, సందు పైనుంచి కిందిదాకా ఒకేలా వచ్చేవరకు జరుపుతూనే ఉండాలి. కన్నం వేసేచోట మాస్కింగ్ టేపు అంటిస్తే జెల్‌కోట్ (ఫైబర్ మీది నున్నటి పూత) పెచ్చులూడదు. కన్నం బోల్టు కన్నా కాస్త పెద్దదిగా వేసి, వెడల్పు వాషర్ పెట్టాలి. ఇనుముకు బిగించినట్టు బిగిస్తే పగులుతుంది. అంచులు రుద్దేటప్పుడు మాస్కు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. ఆ దుమ్ము కన్నా దురదగొండి ఆకు నయం.

అసలు తమాషా డిక్కీది. మూతను పైకి లేపే టార్షన్ బార్లు (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు) ఇనుప మూత బరువుకు లెక్కగట్టి పెట్టినవి. ఫైబర్ మూత బిగించి తాళం తిప్పితే ఒక్క ఊపున పైకి లేస్తుంది. ఆ దెబ్బంతా కీళ్ల దగ్గర ఫైబర్ మీదే. అందుకని ఒక బార్ తీసేశాను. ఉత్త చేత్తో లాగకండి, బిగువు మీద ఉంటుంది, ముఖానికి తగిలితే అంతే సంగతులు.

ఇక్కడ బండి రోడ్డు మీదికి తగినదేనా అని చూసే ఎంఓటీ పరీక్షలో పదునైన అంచులూ వదులు ప్యానెళ్లూ ఉంటే పట్టుకుంటారు. ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పక తప్పదు. హైదరాబాద్‌లో ఉన్న మా బావమరిది తన కారుకూ చేయిస్తానంటే, ముందు ఆర్టీఓ ఆఫీసులో అడుగు అన్నాను. మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 ఉంది, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు తేడాగా బండిని మార్చడం కుదరదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

రంగు ఇంకా వేయలేదు. కొత్త ఫైబర్ బాగా గట్టిపడకముందే వేస్తే తర్వాత ఎండకు లోపలి నేత పైకి కనబడుతుంది. అందాకా ఎర్ర కారుకు తెల్ల ఫెండర్లు. వీడియో కాల్‌లో చూపిస్తే నాన్న, "ఏరా, ఎవడు గుద్దాడు?" అన్నారు.