ఆరోసారి

నా కొడుకు వయసు తొమ్మిదేళ్లు. బడికి తీసుకువెళ్లే ఆటో డ్రైవరు వాడితో ఎంత నీచంగా ప్రవర్తించాడో ఇక్కడ రాయను. రాయవలసింది ఆ తరువాత జరిగినది.

ముందుగా బడికి వెళ్లాను. అక్కడివారు వాడి చేత అంతా చెప్పించుకొని, బయట పొక్కితే బడి పేరు పాడవుతుందని నన్నే బతిమాలారు. ఇలాంటి నేరం తెలిసీ పోలీసులకు తెలియజేయనివారికి, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం ఆరు నెలల వరకు జైలు శిక్ష విధిస్తుందని వారికి తెలియదో, తెలిసీ లెక్కచేయలేదో!

మొదటి పోలీసు స్టేషన్‌లో పిల్లవాడిని అడగవలసినవన్నీ అడిగి, సంఘటన జరిగిన చోటు తమ పరిధిలోకి రాదని పంపించేశారు. ఎక్కడ జరిగిన నేరమైనా ముందు జీరో ఎఫ్‌ఐఆర్‌గా నమోదు చేసి, ఆ తరువాత సంబంధిత స్టేషన్‌కు పంపాలన్న నియమం 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నేర విచారణ చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్‌లోనే ఉంది. అది నాకు ఆ రోజు తెలియదు. తెలిసి ఉండవలసింది నాకా?

రెండో స్టేషన్‌లో, ఎవరో చలానా గురించి గొడవపడుతున్న హాల్లోనే, యూనిఫాంలో ఉన్న ఇద్దరు వాడిని బల్ల ముందు నిలబెట్టి ప్రశ్నలు వేశారు. వాడు తల ఎత్తకుండా బడి బెల్టు కొసను చుట్టడం, వదలడం, మళ్లీ చుట్టడం. అంతా విని ఒకాయన, "మగపిల్లాడే కదమ్మా, ఆ డ్రైవరును పిలిచి గట్టిగా భయపెడతాం, కేసు దాకా ఎందుకు?" అన్నాడు. 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉన్న పోక్సో చట్టం ఆడ, మగ భేదం చూడదు. పద్దెనిమిదేళ్లు నిండని వారందరూ దాని దృష్టిలో పిల్లలే. వాంగ్మూలం పిల్లల ఇంట్లోనో, వారు కోరిన చోటో, యూనిఫాం లేకుండా, వీలైనంత వరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి నమోదు చేయాలని 24వ సెక్షన్ చెబుతుంది. చట్టం రాసినవారు పిల్లల గురించి ఆలోచించారనే నా నమ్మకం. ఆ ఆలోచన స్టేషన్ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

ఆ రాత్రి పిల్లల సహాయవాణి 1098కు ఫోన్ చేశాను. మూడో రోజుకు గాని ఎఫ్‌ఐఆర్ కాలేదు. అప్పుడు మహిళా ఎస్సై చీర కట్టుకొని మా ఇంటికి వచ్చి, వాడి పక్కన నేల మీద కూర్చొని, తొందరపెట్టకుండా రాసుకున్నారు. మొదటి రోజే ఆమె వచ్చి ఉంటే బాగుండేది.

మరునాడు వైద్య పరీక్షకు విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి ఎత్తు దారి ఎక్కుతుండగా వాడు ఆగి, నాతో, బడిలో, రెండు స్టేషన్లలో, ఇంటికి వచ్చిన ఆంటీతో అని వేళ్లు మడిచి లెక్కపెట్టుకొని, "అమ్మా, డాక్టరుకు కూడా మొదటినుంచీ చెప్పాలా?" అని అడిగాడు.

చెప్పాలి నాన్నా, అన్నాను. రెండో చేతి వేలు ఒకటి మడిచాడు.