నీళ్లకు లొంగని మంట

ఆ ఫోటో మొదటిసారి చూసినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. అందులో బట్టలు కాలిపోయి, చేతులు చాపి, ఏడుస్తూ రోడ్డు మీద పరిగెత్తుతున్న పాప కిమ్ ఫుక్‌కీ తొమ్మిదేళ్లే. 1972 జూన్ 8, వియత్నాంలోని ట్రాంగ్ బాంగ్. ఎవరైనా బకెట్ నీళ్లు పోయొచ్చుగా అనుకున్నాను.

ఆ పాపను కాల్చింది నాపామ్ అనే అగ్నిబాంబు సరుకని, అది అంత తేలిగ్గా వదలదని చాలా ఏళ్లకు తెలిసింది. పెట్రోలును జిగురులా చిక్కబరిస్తే వచ్చేది అది. తుడవబోతే చేతికీ అంటుకుని మండుతుంది. 1942లో హార్వర్డ్‌లో లూయీ ఫీజర్ బృందం తయారుచేసింది. మూడేళ్లకే, 1945 మార్చి 9 రాత్రి, టోక్యోలోని చెక్క ఇళ్ల మీద అదే కురిసింది. తెల్లారేసరికి దాదాపు లక్ష మంది పోయారు. పాత కాలంలో బైజాంటైన్లు, అంటే తూర్పు రోమన్ సామ్రాజ్యం వాళ్లు, యుద్ధాల్లో వాడిన గ్రీకు నిప్పు కూడా నీటి మీద మండేదంటారు.

కొన్ని ఆయుధాల వాడకానికి హద్దులు పెట్టిన 1980 అంతర్జాతీయ ఒప్పందంలోని మూడో ప్రోటోకాల్ (అనుబంధ పత్రం), జనం ఉన్నచోట విమానాల నుంచి అగ్నిబాంబులు వేయకూడదంటుంది. నేల మీద నుంచి పేలిస్తే మాత్రం నిబంధన సడలుతుంది. ప్రధానంగా పొగ కోసం చేసిన తెల్ల భాస్వరం గుండ్లయితే అసలు ఆ నిర్వచనంలోకే రావు. నాకు మింగుడుపడనిది ఇదే. ఆ భాస్వరం ముక్క ఒంట్లో మిగిలిపోతే, కట్టు విప్పి గాలి తగిలినప్పుడు పుండులోనే మళ్లీ రగులుకుంటుంది.